గవరయ్య దగ్గరున్న తాళం

సెప్టెంబరు 17

విశ్వకర్మ పూజ. ఇవాళ కలకత్తాలో పనిముట్టు పట్టుకున్నవాడు పాపాత్ముడు. ఖిదిర్‌పూర్ రేవులో ముప్పై ఆరేళ్ళు క్రేను నడిపాను, ఒక్క ఏడాది కూడా ఈ రోజున హ్యాండిల్ ముట్టుకోలేదు. యంత్రానికి బొట్టు పెట్టాలి, దండ వెయ్యాలి, దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. కారుకీ అంతే చేశాను. పొద్దున్నే కడిగి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయా మిరపకాయలూ కొత్తవి కట్టాను.

ఈసారి ఇంకో పని కూడా చేశాను. తాళంచెవిని మన తెలుగువాళ్ళ గుడికి పట్టుకెళ్ళి పంతులుగారి చేత రక్ష కట్టించాను. రాగిరేకు మీద గీతలు గీసి, తాళంచెవి తలకి బిగుతుగా రెండు చుట్లు చుట్టి, పైన ఎర్రగుడ్డ వేసి కుట్టి ఇచ్చారు. దిష్టి ఎవరిదని అడిగారు. పేరు లేకపోతే పనిచెయ్యదట. చెప్పాను. ఆ పేరు కూడా రేకు మీద చెక్కారు.

ఎవరి పేరో ఇక్కడ రాయక్కర్లేదు.

ఈ పుస్తకం రేవులో పారేస్తుంటే తెచ్చుకున్న లాగ్‌బుక్కు. క్రేను ఆగితే టైమూ, కారణమూ, ఏం చేశామన్నదీ రాసేవాళ్ళం. రిటైరై రెండేళ్ళయినా చెయ్యి ఊరుకోదు. మా ఆవిడ అమ్మన్నమ్మకి చదువు రాదు. మా అమ్మాయి పూజిత సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ల ముందు కూచుంటుంది గానీ, తెలుగు అక్షరాలు కూడబలుక్కునేసరికి దానికి తెల్లారుతుంది. కాబట్టి ఏం రాసినా నాకే.

సెప్టెంబరు 18

కారు లేవలేదు.

ఇంజను గిర్రున తిరుగుతోంది, అంటుకోవడం లేదు. ఎదురుగా చిన్న ఎర్ర తాళం బొమ్మ ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. అదెందుకో నాకు తెలియదు. తెలిసినవాడు లేడు.

అమ్మన్నమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి భవానీపూర్ తీసుకెళ్ళాలి. బస్సులో వెళ్ళాం. తీరా ఎక్కాక అది వేరే నంబరు బస్సు. మోమిన్‌పూర్‌లో దింపేశాడు. ఈ ప్రైవేటు బస్సులవాళ్ళు బోర్డులు కడిగి చావరు.

సెప్టెంబరు 19

మిస్త్రీ తారక్‌దా వచ్చాడు. అంబాసిడర్ల కాలం మనిషి. బానెట్ ఎత్తి, బీడీ వెలిగించి, ఇంజనుకేసి చుట్టపు చూపుగా చూసి, బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది వేశాం. ఇంజను ఇదివరకటికంటే హుషారుగా తిరిగింది. అంటుకోలేదు.

సెప్టెంబరు 20

ప్లగ్గులు మార్చాం. లేవలేదు.

సెప్టెంబరు 21

గవరయ్య భార్య భానుమతి ఫోన్ చేసిందట. వంటింట్లోంచి అమ్మన్నమ్మ నాకు వినపడాలనే గట్టిగా చెప్పింది. "గవరయ్యోలు మన ఊరు ఎలిపోతన్నారట. మరింక రారట. భానుమతికి ఈ గాలి పడతం లేదు, ఆయాసం ఎక్కువయిపోనాది. అక్టోబరు పదకొండు, పొద్దుటి రైలు."

"పోనీ. నన్నేం చెయ్యమంటావు?" అన్నాను.

"నాను నిన్నేటీ సెయ్యమనలేదు మావా," అంది.

నాకేమీ బాధ లేదు. నలభై ఏళ్ళ స్నేహం అంటారు అందరూ. నలభై ఏళ్ళు పక్కన ఉన్నంత మాత్రాన స్నేహమా! క్రేను పక్కన క్రేను కూడా ఉంటుంది.

ఒక సంగతి మాత్రం రాసిపెడతాను. నేనూ గవరయ్యా కలిసి హౌరాలో దిగినప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే రేకుపెట్టె. చెరో పక్కా పట్టుకుని, దారి తెలియక, వంతెన మీద నడిచి వచ్చాం. మధ్యలో పెట్టె దింపి, నన్ను పేరుపెట్టి పిలిచి వాడన్నాడు, "ఒరే ఢిల్లీ, మనలో ఎవడు ముందు ఈ ఊరొగ్గీసినా, రెండోవాడొచ్చి ఇక్కడే రైలెక్కించాల." నాలుగేళ్ళ కిందట సగం సగం వేసుకుని ఈ పాతకారు కొన్నప్పుడు కూడా అదే మాట అనుకున్నాం. సోమ, మంగళ, బుధ నావి. గురు, శుక్ర, శని వాడివి. ఆదివారం ఎవరికి పనుంటే వాళ్ళది. తాళాలు రెండు, చెరొకటి.

చిన్నప్పుడు అనుకున్నవన్నీ చేస్తామా?

కారు బాగుచేయించేది అమ్మన్నమ్మ మోకాళ్ళ కోసం.

సెప్టెంబరు 23

తెల్లవార్లూ వాన. వీధిలో మోకాలి లోతు నీళ్ళు, కారు సగం మునిగింది. కిటికీ దగ్గర కూచుని దాన్నే చూస్తూ పూట గడిపాను. బంతిపూల దండ ఊడి నీళ్ళలో తేలుతూ పోయింది. పదకొండో తారీకులోగా ఆరాలి కదా అని పైకే అనేశానట. "ఏం నాన్నా పదకొండున?" అంది పూజిత. మోకాళ్ళ డాక్టరు అన్నాను. డాక్టరు చూసేది గురువారాలేనట, పదకొండు శనివారమట.

సెప్టెంబరు 25

పెట్రోలు పంపు మార్చాడు తారక్‌దా. ఇది కాకపోతే మీసం తీయించేసుకుంటానన్నాడు. అది కాదు. మీసమూ తీయించలేదు.

సెప్టెంబరు 26

తారక్‌దా కుర్ర ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకొచ్చాడు. స్టీరింగు కింద వైరు తగిలించి, చేతిలో చిన్న టీవీలాంటిది పట్టుకుని చూశాడు. ఇంజను బాగానే ఉందట, పంపూ బాగానే ఉందట. బండి తాళంచెవిని గుర్తుపట్టడం లేదట! అందుకే ఆ ఎర్ర తాళం బొమ్మ వెలిగి ఆరుతోందట.

"ఆర్ ఏక్టా చాబి నేయ్, దాదా?" అన్నాడు. ఇంకో తాళం లేదా అని.

"నేయ్," అన్నాను.

అది అబద్ధం కాదు. మా ఇంట్లో లేదు.

ఆ ఎర్రగుడ్డ విప్పి చూస్తానన్నాడు కుర్రాడు. దేవుడిది, ముట్టుకోకు అన్నాను. వెంటనే తాళం కళ్ళకద్దుకుని వెనక్కిచ్చేశాడు. ఈ ఊళ్ళో దేవుడి వస్తువంటే మారుమాట్లాడరు. తాళం లోపల చచ్చిపోయి ఉంటుంది, కొత్తది కంపెనీ నుంచి రావాలి, పండుగ సెలవులు పోను నెల పడుతుంది అన్నాడు.

నెల!

సెప్టెంబరు 28

దుర్గాపూజ షష్ఠి. మిస్త్రీలందరూ పందిళ్ళలోనే.

సెప్టెంబరు 30

సాయంత్రం పూజిత బలవంతం మీద ఠాకూర్ చూడ్డానికి, అంటే పందిళ్ళలో దుర్గమ్మని చూడ్డానికి వెళ్ళాం. ఈ ఏడాది దీపాలు కొత్తరకంగా పెట్టారు, ఒక్కోదాని చుట్టూ ఇంద్రధనస్సులాగా రంగుల వలయం. "చూడవే, ఎంత బాగా పెట్టారో," అన్నాను.

"ఎక్కడ నాన్నా వలయాలు?" అంది.

అది మరీ ఫోనులోనే కళ్ళు పెట్టుకుని తిరుగుతుంది. ఏం కనిపిస్తుంది?

అక్టోబరు 2

దశమి. ఒకాయన ప్రతి ఏడూ ముందుగా వచ్చి కావలించుకునేవాడు. ఈ ఏడు రాలేదు. ఆయన వస్తాడని నేనూ అనుకోలేదు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నది గాలి కోసం.

అక్టోబరు 4

అమ్మన్నమ్మ ఇవాళ నోరు విప్పేసింది.

"రెండో తాళం గవరయ్య దగ్గిరున్నాది గదా. ఆ కుర్రోడితో లేదని ఏల సెప్పినావు?"

"నా ముందు ఆ పేరెత్తకు."

"నానెత్తకపోతే ఆ పేరు పోద్దేటి? పదిరోజుల్నించి నిద్దట్లో నువ్వే ఎత్తుతన్నావు."

కంచం ముందునుంచి లేచిపోయాను. లేచాక ఆకలేసింది. అయినా వెళ్ళలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకాన్ని నేను కాదు గానీ, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తాను, తప్పెవరిదో ఈ పుస్తకమే చెబుతుంది.

జూన్‌లో, మనవాళ్ళ అమ్మవారి పండుగ. గుళ్ళో పాతికమంది భోజనాల మీద కూచున్నారు. అంతకు రెండు రోజుల ముందు వాట్‌గంజ్ మలుపులో ఒక తోపుడుబండికి నా బండి కొంచెం తగిలింది. కొంచెమే. నాలుగు జామకాయలు దొర్లాయి. అప్పుడు గవరయ్య పక్కనున్నాడు. ఆ విషయం మనసులో పెట్టుకుని, పాతికమంది ఎదుట, విస్తరి ముందు నిలబడి, "ఒరే ఢిల్లీ, నీ కల్లు ఆనట్లేదు. ఇంక బండి తియ్యకు. తాళం నాకిచ్చీ," అన్నాడు.

నాతోనా! ఎనభై అడుగుల ఎత్తున కూచుని, కింద సుద్దతో గీసిన గీత మీద నలభై టన్నుల పెట్టె అంగుళం తేడా లేకుండా దింపినవాణ్ణి! వాడేం చేశాడు జీవితమంతా? క్రేనులకి కరెంటు చూశాడు. వైర్లు పీకాడు, అతికాడు. ఎత్తున కూచున్నవాడి మీద కింద నిలబడ్డవాడికి ఉండేదే ఆ కుళ్ళు. ఆ మాటే అన్నాను. నా గుమ్మం తొక్కొద్దని కూడా అన్నాను. విస్తరి వదిలి వెళ్ళిపోయాడు. జూలైలో ఇక్కడి ఇల్లు ఖాళీ చేసి బడ్జ్ బడ్జ్‌లో కూతురింటికి పోయాడు. తాళం వాడి జేబులోనే పోయింది.

చూశావా, తప్పెవరిదో!

ఇప్పుడు చదివితే అక్షరాలు గీతలమీద లేవు. దిగువకి జారిపోయాయి. ఈ గదిలో బల్బు మార్చాలి.

అక్టోబరు 6

ఐదు రోజులు.

అక్టోబరు 7

పొద్దున కిందికి దిగి తాళం పదకొండుసార్లు తిప్పాను. మధ్యలో దండం పెట్టాను, తిట్టాను, రక్షని కళ్ళకద్దుకున్నాను. ఎర్ర బొమ్మ వెలుగుతూ ఆరుతూ నన్ను వెక్కిరిస్తూనే ఉంది. ఇంకో నాలుగుసార్లు తిప్పితే కొత్త బ్యాటరీ కూడా చచ్చేది. పైకి వచ్చాను, మళ్ళీ దిగాను. పక్కింటాయన అడిగాడు, దాదా, ఎక్కడికైనా వెళ్ళాలా అని. లేదన్నాను.

ఎక్కడికైనా వెళ్ళాలా! హౌరా వెళ్ళాలి. ఆ మాట ఒక్కసారి రాసేస్తే పోతుంది. హౌరా వెళ్ళాలి, వాణ్ణి నేనే రైలెక్కించాలి. వాడు మొహం తిప్పుకున్నా సరే. వాడు అలా వెళ్ళిపోతే, ఈ ఊళ్ళో నన్ను ఒరే అని పిలిచేవాడు ఇంకొకడు లేడు.

అక్టోబరు 9

బడ్జ్ బడ్జ్ వెళ్ళి వచ్చాను. అమ్మన్నమ్మకి చెప్పకుండా మాజేర్‌హాట్‌లో లోకల్ రైలెక్కాను. దిగాక గవరయ్య కూతురి ఇల్లు ఒక పట్టాన దొరకలేదు. గోడల మీద నంబర్లు కనిపించక ప్రతి గుమ్మం దగ్గరా గోడకి ముక్కు ఆనించి చదువుతున్నాను. ఎవరో కర్ర తీసుకుని వస్తారేమోనని భయమేసింది.

వాడు అరుగు మీద కూచుని ఒక రేకుపెట్టెకి తాడు బిగిస్తున్నాడు. అదే పెట్టె. నన్ను చూశాడు. చేతిలో తాడు వదల్లేదు.

"ఏటొచ్చినావు?"

దారంతా సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "బండి లేవట్లేదు. నీ తాళం కావాల," అన్నాను.

"తాళం కోసమొచ్చినావా?"

"మరి దేనికి?"

"ఏటోలే, నాను ఇంకోటనుకున్నాను." తాడు ఇంకో ముడి వేశాడు. కాసేపటికి, "ఏటి సేస్తన్నాది?" అన్నాడు.

ముప్పై ఆరేళ్ళు నా క్రేను ఆగినప్పుడల్లా వాడు అడిగిన మాటే అది. నాకూ అలవాటుగా జవాబు వచ్చేసింది. తిరుగుతోంది, అంటుకోవట్లేదు, ఎర్ర బొమ్మ వెలిగి ఆరుతోంది, బ్యాటరీ కొత్తది, ప్లగ్గులు కొత్తవి, పంపు కొత్తది.

"ఇవన్నీ మార్చమన్నోడెవడు? కొండని తవ్వి ఎలకని పట్టినట్టున్నాది. నీ తాళం ఇలాగియ్యి."

జేబులో చెయ్యి పెట్టాను. తియ్యలేకపోయాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ గుడ్డ కింద ఏముందో. గుర్తురావడమేమిటి, ఇన్ని రోజులూ మరిచిపోతేగా!

"ఇంట్లో ఒగ్గీసినాను," అన్నాను.

"జేబులో గలగల్లాడతన్నాది."

ఇచ్చాను. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. వాడు ఎర్రగుడ్డని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళకద్దుకుని, బ్లేడుతో కుట్టు కోశాడు. రాగిరేకు తళుక్కుమంది.

"ఓర్నీ! ఒరే, ఈ తాళం తలకాయలో సిన్న ముక్కుంటాది. అది బండితో మాటాడితేనే బండి లేస్తాది. నువ్వు దాని సుట్టూ రాగి సుట్టీసినావు. మరెలా మాటాడుతాది? ఏ పంతులు సేసినాడిది?" నవ్వుతూనే రేకు విప్పాడు. విప్పి, అరిచేతిలో పెట్టి నిమిరి సాపు చేశాడు.

నవ్వు ఆగిపోయింది.

ఆ రేకు మీద పేరు నాకు కనిపించదు. వాడికి కనిపించింది. చాలాసేపు చూశాడు. అంత చిన్న పేరు చదవడానికి అంతసేపు పట్టదు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

భానుమతి టీ పట్టుకొచ్చింది. "అన్నియ్యా, వచ్చినావా! నాకు తెలుసు వస్తావని. ఏటది, ఆయన సేతిలో?"

ఇప్పుడు చెప్తాడు, ఆమె ఆ టీ నా మొహాన కొడుతుంది అనుకున్నాను. నేనైతే చెప్పేవాణ్ణి.

"ఏటీ లేదే. పాత రేకుముక్క, వైరింగుది," అన్నాడు. అని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆమె లోపలికి వెళ్ళాక అడిగాను. "దాన్నేం చేస్తావురా?"

"నా పేరున్నది గదా. నాతోటే వస్తాది. నీ దగ్గిరెందుకు?"

కోపంగా అనలేదు. అలా అంటే తట్టుకునేవాణ్ణి. ఏడుపొచ్చింది. అరవై రెండేళ్ళవాణ్ణి, ఎవరిదో అరుగు మీద కూచుని ఏడ్చాను. "గవరా, నా కళ్ళు ఆనట్లేదురా," అన్నాను. "ఏడాదైంది. జామకాయలబండి నాకు కనబడనేలేదు. కుర్రాడెవడైనా అడ్డొచ్చి ఉంటే..."

"తెలుసు."

"ఎప్పట్నించి తెలుసు?"

"నువ్వు టీలో ఉప్పేసుకుని తాగి, బావున్నాదన్నప్పట్నించి." నా టీ గ్లాసు నా చేతికి సరిగ్గా అందించి పట్టించాడు. "అందరి ముందరా అనకూడదు నాను. తప్పే. పక్కకి పిలిసి సెప్పాల్సింది. కానీ పక్కకి పిలిసి నీకు మూడుసార్లు సెప్పినాను, నువ్వు ఇంటేనా?"

మూడుసార్లు చెప్పాడు. నిజమే. ఆ సంగతి నాలుగో తారీకున నేను రాయలేదు.

అక్టోబరు 10

సామాన్లతో వాళ్ళిద్దరూ మా ఇంటికే వచ్చేశారు. అమ్మన్నమ్మ ఆరు రకాలు వండింది. వాడు గుమ్మం దగ్గర ఆగి, "తొక్కొచ్చా?" అన్నాడు. నోరు మూసుకుని రారా అన్నాను.

అక్టోబరు 11

రాగి వలిచిన నా తాళంతోనే, మొదటి తిప్పుకే లేచింది! ఎర్ర బొమ్మ ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. రెండో తాళం అక్కర్లేకనే పోయింది. తారక్‌దా రోడ్డవతల నుంచి చూసి, పెట్రోలు పంపు ఇప్పుడు పనిచేసింది అని అరిచాడు.

వాడు తాళం తీసి నాకివ్వబోయాడు. నువ్వే తోలు అన్నాను. ఎడమవైపు సీట్లో కూచున్నాను. వెనక ఆడవాళ్ళు ముగ్గురూ, డిక్కీలో రేకుపెట్టె. కొత్త వంతెన మీద పది నిమిషాల్లో పోవచ్చు. వాడు పాత వంతెనకే తిప్పాడు. మధ్యలో, పెట్టె దింపిన చోట, బండి కొంచెం నెమ్మది చేశాడు. వెనక బస్సులవాళ్ళు అమ్మనా బూతులు తిట్టారు.

రైలు కదిలే ముందు కిటికీలోంచి తన తాళం నా చేతిలో పెట్టాడు. "కల్లు సూపించుకో. ఈ సారి ఒట్టు," అన్నాడు. భానుమతి ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. రైలు పోతుంటే చొక్కా జేబు మీద చెయ్యి వేసి తట్టి చూపించాడు.

పార్కింగులో నిలబడ్డాక గుర్తొచ్చింది, బండి ఇంటికి ఎవరు తోలుతారని. పూజిత నా చేతిలోంచి తాళం తీసుకుని కుడివైపు ఎక్కి కూచుంది. అద్దాలు సర్దుకుంది.

"నీకెవరు నేర్పారే?"

"గవరయ్య బాబాయి. శనివారాలు. నీకు చెప్పొద్దన్నాడు, నాన్న కళ్ళ గురించి తనే ఒప్పుకున్నాక చెబుదాం అన్నాడు."

వంతెన దాటేదాకా దాని డ్రైవింగులో తప్పు పట్టాలని చూశాను. దొరకలేదు.

అక్టోబరు 12

రెండు తాళాలూ ఒకే మేకుకి తగిలించాను. బాగాలేదు. ఒకటి తీసి బీరువాలో పెట్టాను. అదీ బాగాలేదు.

అక్టోబరు 15

భవానీపూర్ కళ్ళ డాక్టరు. రెండు కళ్ళకీ శుక్లాలు. ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చారండీ అని అడిగింది ఆవిడ. బండా అన్నాను. రోడ్డు మీద నడవడమే అడుగుతున్నాను అంది. మొదటి కన్ను ఆపరేషన్ నవంబరు ఆరున.

భయంగా ఉంది. ఎవరితోనూ అనలేదు.

అక్టోబరు 18

పొద్దున గవరయ్య ఫోన్. ఊరు బాగుందట, భానుమతి ఆయాసం తగ్గిందట, మాట్లాడ్డానికి మనిషే లేడట. "బండి లేసిందేటి?" అన్నాడు.

కింద పూజిత ఆఫీసుకి వెళ్ళడానికి బండి స్టార్ట్ చేసి అద్దాలు తుడుస్తోంది. లేచి కిటికీ మూశాను.

"లేవలేదురా. ఎంత తిప్పినా లేవట్లేదు. తారక్‌దా వల్ల కాలేదు. నువ్వొచ్చి సూడాల."

"మరదేటి, ఆ ఇంజను సప్పుడు?"

"పక్కింటోలది."

"పక్కింటోల బండి కూడా మన బండిలాగే దగ్గుతున్నాదే," అన్నాడు. తరవాత, "సరేలే. రైలుకి టిక్కెట్టు తీసీసినాను. ఐదో తారీకుకి వచ్చీస్తాను," అన్నాడు.

ఆపరేషన్ ఆరున అని నేను వాడికి చెప్పలేదు. అమ్మన్నమ్మ చెప్పి ఉంటుంది.